టిఫిన్ సెంటర్ గోడకి డాల్ఫిన్ నోస్: ఫోకస్ డైరీ

అక్టోబర్ చివర

పని ఏంటంటే, వైజాగ్ ఎంవీపీ కాలనీలో మా మావయ్య టిఫిన్ సెంటర్ ఉంది, అందులో టోకెన్ కౌంటర్ పక్కన ఒక గోడ బోసిగా ఉండిపోయింది, దానికి ఆరడుగుల వెడల్పు నాలుగడుగుల ఎత్తు ఫోటో కావాలి. ఏం ఫోటో అన్నది ఆయనే డిసైడ్ చేసేశాడు, పోర్టు పక్కన సముద్రంలోకి చొచ్చుకొచ్చిన డాల్ఫిన్ నోస్ కొండ. "ముందర బండలుండాల, ఎనకాల డాల్ఫిన్ నోస్ ఉండాల, రెండూ క్లియర్‌గా కనపడాల. బండ బాగుంటే కొండ మసక, కొండ బాగుంటే బండ మసక, అలాటియ్యి నాకొద్దురా" అన్నాడు. కెమెరా ఎప్పుడూ ముట్టుకోని మనిషి డెప్త్ ఆఫ్ ఫీల్డ్ (ఎక్కడ నుంచి ఎక్కడిదాకా షార్ప్ అన్న) గొడవంతా ఒక్క ముక్కలో చెప్పేశాడు.

నా దగ్గరున్న సరంజామా 24 మెగాపిక్సెల్ క్రాప్ సెన్సార్ (ఫుల్ ఫ్రేమ్ అనే సైజు కన్నా చిన్నది) మిర్రర్‌లెస్ ఒకటి, దాంతో పాటు వచ్చిన 18-55 మిల్లీమీటర్ల కిట్ లెన్స్ (18 దగ్గర ఎక్కువ వెడల్పు పడుతుంది, 55 వైపు వెళ్లే కొద్దీ జూమ్ అవుతుంది), ఒక అల్యూమినియం ట్రైపాడ్. ఇంతే. కొత్త లెన్స్ కొనే ఉద్దేశం లేదు, ఎందుకంటే ల్యాండ్‌స్కేప్ ఎలాగూ ఎఫ్/8, ఎఫ్/11 దగ్గరే తీస్తాం (ఈ నంబర్ పెరిగే కొద్దీ లెన్స్ లోపలి కన్నం, అంటే అపర్చర్, చిన్నదవుతుంది), అక్కడికొచ్చేసరికి చవక లెన్స్‌కీ ఖరీదైన లెన్స్‌కీ తేడా బాగా తగ్గిపోతుంది, పెద్ద లెన్సులకి పోసే డబ్బుల్లో చాలా భాగం ఎఫ్/2.8 లాంటి చోట కూడా పనిచేసేలా చెయ్యడానికే పోతుంది.

ముందు గోడ లెక్క చూసుకున్నా. ఫోటో 6000 పిక్సెళ్ల వెడల్పు, గోడ 72 అంగుళాలు, అంటే అంగుళానికి 83 పిక్సెళ్లు, ఒక్కో పిక్సెల్ గోడ మీద 0.3 మిల్లీమీటర్. టోకెన్ క్యూలో నిలబడ్డ మనిషికి గోడ సుమారు మీటరు దూరం. మామూలు చూపున్న కన్ను మీటరు దూరం నుంచి విడదీసి చూడగలిగేది కూడా ఇంచుమించు ఆ 0.3 మిల్లీమీటరే. అంటే ఈ గోడ ముందు నిలబడ్డవాడు కంప్యూటర్‌లో 100 శాతం జూమ్ చేసి చూస్తున్నట్టే లెక్క, అదీ ప్లేటు పట్టుకుని, తీరిగ్గా. ఫోన్‌లో షార్ప్‌గా కనపడే ఫోటోలేవీ ఇక్కడ పనికిరావు.

నవంబర్ మొదట్లో

లెన్స్ ఎక్కడ బాగుందో ఎక్కడ బాలేదో తెలీకుండా దిగకూడదని ముందు టెస్టు పెట్టుకున్నా. దీనికి అందరూ ఇటుక గోడో న్యూస్‌పేపరో తీస్తారు గానీ వైజాగ్‌లో ఉన్నవాళ్లకి అంతకన్నా మంచి టార్గెట్ ఫ్రీగా దొరుకుతుంది. పోర్టు బయట లంగరేసుకుని వంతు కోసం ఎదురుచూసే షిప్పులు. ఇన్ఫినిటీలో, అంటే లెన్స్ లెక్కలో అంతులేని దూరంలో ఉంటాయి, అంచులు క్లియర్‌గా ఉంటాయి, క్రేన్లూ రెయిలింగులూ లాంటి సన్నటి గీతలుంటాయి, వెనకాల తిన్నటి హొరైజన్ ఉంటుంది. ఇటుక గోడైతే సెన్సార్‌కి సమాంతరంగా పెట్టడమే ఒక యజ్ఞం, షిప్పుకి ఆ బాధ లేదు.

పద్ధతి ఏంటంటే ఒక షిప్పుని ఫ్రేమ్ మధ్యలో పెట్టి, లైవ్ వ్యూ 10 రెట్లు పెంచి మాన్యువల్ ఫోకస్ చేసి, ఇంక ఫోకస్ రింగ్ ముట్టుకోకుండా అదే షిప్పుని ఎడమ అంచుకి, కుడి అంచుకి జరిపి తియ్యాలి, ఒక్కో చోట ఎఫ్/4 నుంచి ఎఫ్/16 దాకా. రెండు అంచులూ ఒకేలా మెత్తబడితే అది లెన్స్ డిజైన్‌లోనే ఉన్న గుణం. ఒక పక్క బాగుండి ఇంకో పక్క పోతే లోపల ఒక గాజు ముక్క పక్కకి జరిగినట్టు, దాన్నే డీసెంటరింగ్ అంటారు. ఇంకో చిట్కా, మెత్తగా ఉన్న అంచులోనే షిప్పు పెట్టి అక్కడే మళ్లీ ఫోకస్ చేసి చూడాలి, అప్పుడు షార్ప్ అయిపోతే లెన్స్‌కి అక్కడ కూడా దమ్ముంది, ఫోకస్ పడే తలం వంగి ఉంది అంతే. మళ్లీ ఫోకస్ చేసినా మెత్తగానే ఉంటే ఆ అంచుని నమ్ముకోకూడదు.

నా లెన్స్‌కి 18 దగ్గర ఎడమ అంచు కాస్త బలహీనం, ఎఫ్/8కి చాలావరకు సర్దుకుంటుంది. 35 దగ్గర రెండు పక్కలా సమానమే. ఇదేం బాధపడే సంగతి కాదు, ఎందుకంటే నేను అనుకున్న కంపోజిషన్‌లో ఆర్కే బీచ్ నుంచి డాల్ఫిన్ నోస్ వైపు చూస్తే ఎడమ పక్కంతా సముద్రమే, కదిలే నీళ్లకి మూల షార్ప్‌నెస్ ఎవడు చూస్తాడు. కుడి పక్కకి బిల్డింగులొస్తాయి, అటు లెన్స్ బాగుంది.

నవంబర్ నడిమి

ఇంక అసలు సంగతి. ఆటు టైమ్‌లో బండలు బయటపడే చోట ట్రైపాడ్ పెట్టి, 18 మిల్లీమీటర్ల దగ్గర, యాప్‌లో హైపర్‌ఫోకల్ డిస్టెన్స్ చూసి తీశా. క్రాప్ సెన్సార్, 18 మిల్లీమీటర్లు, ఎఫ్/8 అని కొడితే 2 మీటర్లు అని చెబుతుంది. రెండు మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే ఒక మీటరు నుంచి ఇన్ఫినిటీ దాకా అన్నీ షార్ప్ అని అర్థం. మా లెన్స్ మీద దూరం స్కేలు లేదు, ఈ మధ్య చాలా కిట్ లెన్సులకి ఉండట్లేదు, అందుకని టేపుతో రెండు మీటర్లు కొలిచి అక్కడ వాటర్ బాటిల్ పెట్టి, దాని లేబుల్ మీద ఫోకస్ చేసి బాటిల్ తీసేశా. వాకింగ్‌కొచ్చిన పెద్దాయన ఒకాయన కాసేపు చూసి "బాటిల్ ఫోటో తీస్తున్నావా బాబూ" అని అడిగి వెళ్లాడు.

ఇంటికొచ్చి చూస్తే బండలు బ్రహ్మాండం, కొండ మాత్రం మెత్తగా. యాప్ తప్పు చెప్పిందా అంటే లేదు, యాప్ లెక్క కరెక్టే, అది ఎవరి కోసం వేసిన లెక్క అన్నదే ప్రశ్న.

ఫోకస్‌లో లేని చుక్క సెన్సార్ మీద చుక్కలా పడదు, చిన్న బిళ్లలా పడుతుంది. ఆ బిళ్ల ఎంత పెద్దదయ్యేదాకా కన్ను దాన్ని చుక్క అనే అనుకుంటుందో ఆ సైజుని సర్కిల్ ఆఫ్ కన్‌ఫ్యూజన్ అంటారు. క్రాప్ సెన్సార్‌కి యాప్‌లన్నీ 0.02 మిల్లీమీటర్ దగ్గరలో తీసుకుంటాయి, ఫుల్ ఫ్రేమ్‌కి 0.03. ఈ నంబర్ ఎక్కడ్నుంచి వచ్చిందంటే ఫోటోని ఎనిమిది బై పది అంగుళాల ప్రింటు వేసి చేత్తో పట్టుకుని 25 సెంటీమీటర్ల దూరంలో చూస్తారు అనుకుని వేసిన లెక్క అది. అంత ప్రింటుకి మన సెన్సార్ పదకొండు రెట్లు పెరుగుతుంది, 0.02 బిళ్ల 0.2 మిల్లీమీటర్ అవుతుంది, కన్ను సర్దుకుపోతుంది. నా గోడకి సెన్సార్ 78 రెట్లు పెరుగుతోంది. అదే బిళ్ల గోడ మీద ఒకటిన్నర మిల్లీమీటర్. కన్ను 0.3 చూడగలిగే చోట 1.5 బిళ్లలు పరిస్తే మసక కాక ఇంకేం కనపడుతుంది.

ఇంకోలా చూస్తే 24 మెగాపిక్సెల్ క్రాప్ సెన్సార్‌లో ఒక పిక్సెల్ సుమారు 3.9 మైక్రాన్లు, 0.02 మిల్లీమీటర్ అంటే ఐదు పిక్సెళ్లు. హైపర్‌ఫోకల్ దగ్గర ఫోకస్ చేశామంటే ఇన్ఫినిటీలో ఉన్నదంతా సరిగ్గా ఆ పరిమితి అంచు మీద నిలబడుతుంది, అంటే కొండ మొత్తానికి ఐదు పిక్సెళ్ల బ్లర్‌ని మనమే చేజేతులా ఒప్పుకున్నట్టు. ఆర్కే బీచ్ నుంచి కొండ ఐదారు కిలోమీటర్లు ఉంటుంది, ఆరనుకుంటే అక్కడ ఆరున్నర మీటర్ల కన్నా సన్నగా ఉన్నదేదైనా పక్కదానితో కలిసిపోతుంది. చెట్లు, రాతి పగుళ్లు, లైట్‌హౌస్ అంచులు అన్నీ.

అదే ఫోకస్ ఇన్ఫినిటీకి పెట్టేస్తే ఏమవుతుంది? ఇక్కడే నాకు చాలా నచ్చే లెక్క ఒకటుంది. ఇన్ఫినిటీకి ఫోకస్ పెడితే, దగ్గరున్నా దూరమున్నా ఏ వస్తువు మీదైనా బ్లర్ సైజు అపర్చర్ కన్నం వ్యాసమంతే ఉంటుంది. 18 మిల్లీమీటర్ల లెన్స్ ఎఫ్/8 దగ్గర కన్నం 18 బై 8, అంటే 2.25 మిల్లీమీటర్లు. రెండు మీటర్ల దూరంలో ఉన్న బండ మీద కూడా 2.25 మిల్లీమీటర్ల కన్నా పెద్దవి విడివిడిగానే కనపడతాయి, బండకి అంటుకున్న గుల్లలు, పగుళ్లు, నాచు గుబుర్లు అన్నీ కనపడతాయి, ఇసక రేణువులే పోతాయి. యాప్ భాషలో చెప్పాలంటే ఇన్ఫినిటీకి పెట్టడం వల్ల దగ్గర హద్దు ఒక మీటరు నుంచి రెండు మీటర్లకి జరిగింది, అంతే నష్టం. నా కాళ్ల ముందు ఒక మీటరు ఇసక పోయింది, ఆరు కిలోమీటర్ల అవతల కొండ తిరిగొచ్చింది. ఇంత మంచి బేరం ఇంకెక్కడా ఉండదు గానీ నెట్లో ల్యాండ్‌స్కేప్ పాఠాలన్నీ హైపర్‌ఫోకల్ హైపర్‌ఫోకల్ అనే అంటాయి.

పైగా మన కళ్లు కూడా దూరంగా ఉన్నది మసకైతేనే ఎక్కువ పట్టుకుంటాయి. దగ్గర బండ కొంచెం మెత్తగా ఉంటే మనకి అదొక సంగతిగా అనిపించదు, పెద్దగా ఉంది కాబట్టి టెక్స్చర్ తెలుస్తూనే ఉంటుంది. కొండలో వివరాలే చిన్నవి, అవి పోతే ఇంకేం మిగలదు.

నవంబర్ నెలాఖరు

ఫ్రెండ్ ఒకడు, వాడూ ఫోటోలు తీస్తాడు, "ఈ గోలంతా ఎందుకు బావా, ఎఫ్/22 పెట్టెయ్, అంతా షార్ప్ అయిపోద్ది" అన్నాడు. కాదురా డిఫ్రాక్షన్ అంటే "మరి ఆన్సెల్ ఆడమ్స్ వాళ్లు ఎఫ్/64 అని గ్రూపుకి పేరే పెట్టుకున్నారు కదా" అన్నాడు. మంచి ప్రశ్నే, అందుకే కూర్చుని లెక్కేశా.

కన్నం చిన్నదయ్యే కొద్దీ వెలుగు దాని అంచుల దగ్గర ఎక్కువ పరుచుకుంటుంది, అప్పుడు పర్‌ఫెక్ట్‌గా ఫోకస్ అయిన చుక్క కూడా చిన్న బిళ్లలా పడుతుంది, దీన్ని ఎయిరీ డిస్క్ అంటారు. దాని వ్యాసం వెలుగు తరంగదైర్ఘ్యాన్ని 2.44తో, ఎఫ్ నంబర్‌తో గుణిస్తే వస్తుంది. పచ్చటి వెలుగుకి, అంటే 0.55 మైక్రాన్లకి, ఎఫ్/8 దగ్గర 10.7 మైక్రాన్లు, ఎఫ్/11కి 14.8, ఎఫ్/16కి 21.5, ఎఫ్/22కి 29.5. నా గోడకి 78 రెట్లు పెంచితే ఎఫ్/8 బిళ్ల 0.8 మిల్లీమీటర్, ఎఫ్/22 బిళ్ల 2.3 మిల్లీమీటర్లు. బిళ్లలో వెలుగంతా మధ్యలోనే ఎక్కువుంటుంది కాబట్టి కంటికి అంత ఘోరంగా ఉండదు గానీ ఎఫ్/22 మాత్రం ముందు బండ నుంచి వెనక కొండ దాకా అందర్నీ సమానంగా మసక చేసేస్తుంది.

ఇంక ఆడమ్స్, వెస్టన్ లాంటి అమెరికన్ ఫోటోగ్రాఫర్లు 1932లో ఆ గ్రూపు పెట్టినప్పుడు వాడింది ఎనిమిది బై పది అంగుళాల నెగెటివ్ పట్టే పెద్ద కెమెరాలు. ఆ నెగెటివ్‌ని కాగితం మీద నేరుగా పెట్టి కాంటాక్ట్ ప్రింట్ తీస్తే అసలు పెంచడమే లేదు. ఎఫ్/64 బిళ్ల 86 మైక్రాన్లు, అది ప్రింటు మీద కూడా 86 మైక్రాన్లే, 0.1 మిల్లీమీటర్ కన్నా తక్కువ. వాళ్ల ఎఫ్/64 మన ఎఫ్/22 కన్నా ఎన్నో రెట్లు నయం. మావాడు విని "అయితే పెద్ద కెమెరా కొను" అన్నాడు, వాడితో అంతే.

ఒక చిన్న తేడా గుర్తుపెట్టుకోవాల్సింది ఉంది. డిఫ్రాక్షన్ మసక ఫ్రేమ్ మొత్తం ఒకేలా ఉంటుంది కాబట్టి షార్పెనింగ్‌తో కొంతవరకు వెనక్కి లాగొచ్చు, ఫోకస్ తప్పిన మసక ఒక్కో దూరానికి ఒక్కోలా ఉంటుంది, అది అంత తేలిగ్గా తిరిగిరాదు. అందుకే ఎఫ్/11 అంటే నాకు భయం లేదు, ఎఫ్/16 మాత్రం తప్పనిసరైతేనే.

డిసెంబర్, చలి మొదలయ్యాక

యాప్‌లో 0.02 తీసేసి నా గోడకి సరిపడేలా రెండు పిక్సెళ్లు, అంటే 0.008 మిల్లీమీటర్ పెట్టా. అప్పుడు 18 మిల్లీమీటర్లు ఎఫ్/8కి హైపర్‌ఫోకల్ 2 కాస్తా 5 మీటర్లయింది, దగ్గర హద్దు రెండున్నర. ఎఫ్/11కి 3.7 మీటర్లు, దగ్గర హద్దు 1.85. బండల్ని రెండు మీటర్ల అవతల ఉండేలా ట్రైపాడ్ జరుపుకుంటే ఒక్క ఫ్రేమ్‌తో పనైపోతుంది. పనైపోయింది కూడా. ఆ ఫోటో ల్యాప్‌టాప్‌లో మావయ్యకి చూపిస్తే ఒక్క సెకను చూసి "కొండ చీమంత ఉందేట్రా" అన్నాడు.

నిజమే. 18 దగ్గర ఆరు కిలోమీటర్ల అవతలి కొండ గోడ మీద రెండు వేళ్ల మందం వస్తుంది. వైడ్ యాంగిల్ దగ్గరవాటిని పెంచి దూరంవాటిని చిన్నవి చేస్తుంది, షార్ప్‌నెస్ లెక్కల్లో పడి ఈ సంగతి పక్కకి పోయింది. కొండ కాస్త కొండలా కనపడాలంటే 35 దాకా జూమ్ చెయ్యాలి, అప్పుడు రెట్టింపవుతుంది. కానీ ఫోకల్ లెంగ్త్ రెట్టింపైతే హైపర్‌ఫోకల్ దూరం నాలుగు రెట్లవుతుంది, అక్కడ వర్గం ఉంది మరి. 35 మిల్లీమీటర్లు ఎఫ్/8, నా రెండు పిక్సెళ్ల లెక్కకి 19 మీటర్లు. దగ్గర హద్దు తొమ్మిదిన్నర మీటర్లు. బండ రెండున్నర మీటర్లలో ఉంది. ఒక్క ఫ్రేమ్‌తో కుదిరే ఛాన్సే లేదు, ఎఫ్/22 పెట్టినా కుదరదు. ఇంక స్టాకింగే, అంటే ఒక్కో దూరానికి ఫోకస్ మార్చి తీసిన ఫ్రేముల్ని కంప్యూటర్లో ఒకటిగా కలపడమే.

ఈలోగా పొద్దున్నల గురించి రాసుకోవాల్సినవి కొన్ని. డిసెంబర్‌లో ఇక్కడ సూర్యోదయం ఆరున్నరకి కాస్త అటూ ఇటూ, జూన్‌లో అయితే ఐదుంబావుకే తెల్లారిపోతుంది కాబట్టి నిద్రమొహాలకి చలికాలమే మేలు. ఇంకో లాభం, చలికాలంలో సూర్యుడు ఆగ్నేయం వైపుకి జరిగి ఉదయిస్తాడు, డాల్ఫిన్ నోస్ వైపు తిరిగి నిలబడితే వెలుగు ఎడమ పక్క నుంచి పడి కొండ మడతలు తేలతాయి. ఎండాకాలంలో సూర్యుడు వీపు వెనక్కొచ్చేస్తాడు, కొండ చదునుగా కనపడుతుంది. షార్ప్‌గా కనపడడంలో సగం ఈ పక్క వెలుగుదే, అలా మన వెనక నుంచి నేరుగా వెలుగు పడ్డ కొండని ఎంత మంచి లెన్స్‌తో తీసినా అట్టముక్కే.

నష్టం ఏంటంటే మసక గాలి. ఊరి చుట్టూ కొండలు, మధ్యలో పోర్టు, ఫ్యాక్టరీలు, చలి పొద్దున గాలి పైకి లేవదు, పొగా దుమ్మూ అక్కడే తిరుగుతాయి. కొండ మీద కాంట్రాస్ట్ పోయిందంటే ఫోకస్ ఎంత కరెక్టైనా ఉపయోగం లేదు, ఎడిటింగ్లో మసక తగ్గించే డీహేజ్ స్లైడర్ లాగితే నాయిస్ (గరుకు చుక్కలు) లేస్తుంది. వాన పడి వెలిసిన మర్నాడు పొద్దున గాలి కడిగినట్టుంటుంది, ఆ రోజు పెళ్లున్నా సరే కెమెరా పట్టుకుని వెళ్లిపోవాలి. ఆటు ఎప్పుడో ముందే చూసుకోవాలి, హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ) వాళ్లు సముద్రం సంగతులన్నీ ఇస్తారు, ఇక్కడ రోజుకి రెండు పోట్లు రెండు ఆట్లు కాబట్టి సూర్యోదయానికి ఆటు కలిసే రోజులు నెలలో కొన్నే ఉంటాయి.

ఉప్పు సంగతి వేరే. అలల దగ్గర పావుగంట నిలబడితే ముందు గాజు మీద సన్నటి పొర పేరుకుంటుంది, కంటికి కనపడదు, ఫోటోలో మాత్రం నలుపులన్నీ బూడిద రంగులోకొస్తాయి. దాన్ని పొడి గుడ్డతో రుద్దితే ఉప్పు గింజలు కోటింగ్‌ని గీస్తాయి, ముందు బ్లోయర్‌తో ఊది, తర్వాత తడి లెన్స్ టిష్యూతో తుడవాలి. ట్రైపాడ్ కాళ్లు కూడా ఇంటికెళ్లాక మంచినీళ్లతో కడగకపోతే లాకులు బిగుసుకుపోతాయి.

డిసెంబర్ నెలాఖరు

స్టాకింగ్‌కి ఎక్కడెక్కడ ఫోకస్ పెట్టాలి అన్నదానికి చక్కటి సూత్రం ఉంది. మొదటి ఫ్రేమ్ హైపర్‌ఫోకల్ దగ్గర, రెండోది అందులో మూడో వంతు దూరంలో, మూడోది ఐదో వంతు, నాలుగోది ఏడో వంతు. ఒక ఫ్రేమ్ దగ్గర హద్దు ఎక్కడ ఆగుతుందో తర్వాతి ఫ్రేమ్ దూరపు హద్దు అక్కడే మొదలవుతుంది, మధ్యలో గ్యాప్ రాదు. నాకు 19, 6.4, 3.8, 2.7 మీటర్లు. నాలుగు ఫ్రేములకి 2.4 మీటర్ల దాకా వచ్చేస్తుంది. ఎఫ్/11 అయితే 14, 4.6, 2.8 అని మూడింటితోనే 2.3 మీటర్లు వస్తుంది. మూడుతో సరిపెట్టుకోవచ్చు గానీ నేను నాలుగు వైపే మొగ్గా, ఎందుకంటే ఒక ఫ్రేమ్ ఎక్కువైతే పోయేదేం లేదు గానీ కొండకి ఎఫ్/8 షార్ప్‌నెస్ కావాలి. చూశారా, ఇక్కడ కూడా మొదటి ఫ్రేమ్ 19 దగ్గర పెడితే కొండకి రెండు పిక్సెళ్ల బ్లర్ ఉంటుంది, అందుకని దానికి ముందు నేరుగా కొండ మీదే ఫోకస్ చేసి ఇంకో ఫ్రేమ్ కూడా తీసుకున్నా.

బీచ్‌లో ట్రైపాడ్ అంటే అదో పంచాయితీ. తడి ఇసకలో పెడితే ఒక్కో అల వెనక్కి వెళ్లేటప్పుడు కాళ్ల కింద ఇసక తోడేస్తుంది, ఫ్రేముకీ ఫ్రేముకీ కెమెరా కుంగుతుంది. బండ మీద పెట్టడం ఉత్తమం, కుదరకపోతే కాళ్లు బాగా చాచి, గట్టి ఇసక తగిలేదాకా లోపలికి దింపి, మధ్య కాలమ్ అసలు పైకి లేపకుండా వాడాలి. స్టెబిలైజేషన్ ఆఫ్, రెండు సెకన్ల టైమర్, ఐఎస్ఓ 100, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ మాన్యువల్. బండల ఫ్రేములు అల వెనక్కి వెళ్లిన సందులో తీశా. సముద్రం కోసం 6 స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ వేసి విడిగా ఒక ఫ్రేమ్, ఫిల్టర్ 64 రెట్లు వెలుగు ఆపుతుంది కాబట్టి సెకనులో 30వ వంతు ఉన్నది రెండు సెకన్లవుతుంది, నీళ్లు పాలలా కాకుండా కాస్త అలల జాడ మిగిలి ఉంటాయి. అరనిమిషం ఎక్స్‌పోజర్లు పెట్టి సముద్రాన్ని పొగమంచు చేసెయ్యడం నాకు నచ్చదు, వైజాగ్ సముద్రం అలా ఉండదు.

జనవరి

కంప్యూటర్ పని. హగిన్ అనే పనోరమా ప్రోగ్రామ్‌తో పాటు వచ్చే అలైన్ ఇమేజ్ స్టాక్ తో ఫ్రేములు ఒకదాని మీద ఒకటి సరిపెట్టా. ఫోకస్ మార్చినప్పుడల్లా బొమ్మ సైజు కూడా కొద్దిగా మారుతుంది, దాన్ని బ్రీతింగ్ అంటారు, అందుకే తీసేటప్పుడే నాలుగు వైపులా కొంచెం జాగా ఎక్కువ వదలాలి. తర్వాత ఫ్రేముల్ని కలిపే ఎన్‌ఫ్యూజ్‌లో ఎక్స్‌పోజర్, సాచురేషన్ వెయిట్లు సున్నా, కాంట్రాస్ట్ ఒకటి, హార్డ్ మాస్క్ (ఒక్కో చోటికి ఒక్క ఫ్రేమే తీసుకునేలా) ఆన్. బండలు అద్భుతంగా వచ్చాయి. నీళ్లు మాత్రం నాశనం, ఎందుకంటే ఆ ప్రోగ్రామ్ ఎక్కడ కాంట్రాస్ట్ ఎక్కువుంటే ఆ ముక్క తీసుకుంటుంది, నురగకి అన్ని ఫ్రేముల్లోనూ కాంట్రాస్ట్ ఉంది, వేరువేరు అలల్ని కలిపి కుట్టేసింది. నీళ్లవరకు గింప్ అనే ఫోటో ఎడిటర్‌లో మాస్క్ గీసి ఎన్‌డీ ఫ్రేమ్ నుంచి తెచ్చుకున్నా.

దీనికన్నా మొండిది ఇంకోటుంది. బండ పై అంచుకి ఆనుకుని వెనకాల కనపడే సముద్రం. దూరానికి ఫోకస్ చేసిన ఫ్రేమ్‌లో బండ అంచు మసకగా ఉబ్బి, ఏడెనిమిది పిక్సెళ్ల మేర, ఆ సముద్రం మీదకి పరుచుకుంటుంది. దగ్గర ఫోకస్ ఫ్రేమ్‌లో బండ అంచు బాగుంటుంది గానీ వెనకాల సముద్రం మసక. అంటే ఆ సన్నటి పట్టీలో షార్ప్ సముద్రం ఏ ఫ్రేమ్‌లోనూ లేదు, ఎన్ని ఫ్రేములు తీసినా రాదు, బండే దాన్ని కప్పేసింది కదా. గోడ మీద అది రెండు మిల్లీమీటర్ల పైచిలుకు తెల్లటి అంచులా కనపడుతుంది. క్లోన్ స్టాంప్ పట్టుకుని బండ చుట్టూ తిరగడం తప్ప దారి లేదు. అందుకే ఇంకోసారి తీసేటప్పుడు బండ తల కొండకో హొరైజన్‌కో తగలకుండా, వెనకాల నురగో తడి ఇసకో వచ్చేలా కెమెరా ఇంకొంచెం ఎత్తులో పెట్టాలి, అప్పుడు ఆ అంచు ఉన్నా దాక్కుంటుంది. లెన్స్‌తో తేలే సమస్య కాదిది, నిలబడే చోటుతో తేలేది.

జనవరి చివర

పెద్ద ప్రింటుకి డబ్బులు పెట్టేముందు టెస్టు ముక్కలు. గోడ సైజు లెక్కలోనే, అంగుళానికి 83 పిక్సెళ్ల చొప్పున, కొండ ముక్క ఒకటి, బండ ముక్క ఒకటి, అంచు ఉన్న ముక్క ఒకటి ఏ4 కాగితాల మీద వేయించి అదే గోడకి టేపుతో అతికించా. పక్కనే పాత 0.02 లెక్కతో తీసిన కొండ ముక్క కూడా పెట్టా, ఏమీ చెప్పకుండా. టోకెన్ కోసం నిలబడ్డవాళ్లలో అడిగినవాళ్లంతా కొత్త ముక్కనే చూపించారు, పెసరట్టు మాస్టారు మాత్రం రెండూ ఒకటేగా అన్నాడు, ఆయన పెనం దగ్గర నుంచి, నాలుగు మీటర్ల అవతల నుంచి చూస్తున్నాడు, కాబట్టి ఆయనన్నదీ కరెక్టే. అంచు దగ్గర క్లోన్ చేసింది ఎవరూ కనిపెట్టలేదు, నాకొక్కడికే కనపడుతోంది.

ఫ్లెక్స్ వేయించెయ్యమని మావయ్య, వద్దని నేను. చివరికి వినైల్ మీద ప్రింటు, ఫోమ్ షీటుకి అంటించి, పైన మ్యాట్ లామినేషన్. గ్లాసీ వేస్తే పైనున్న ట్యూబ్‌లైట్లు కొండ మీదే మెరుస్తాయి, కాంట్రాస్ట్ మొత్తం గాలికి పోతుంది. మ్యాట్ కొంచెం షార్ప్‌నెస్ తింటుంది కాబట్టి ఫైల్‌లో చివరి షార్పెనింగ్ ఒక మెట్టు ఎక్కువ వేసి, షాపువాళ్లని వాళ్ల వైపు నుంచి ఇంకేం షార్పెన్ చెయ్యొద్దని రాసిచ్చా. వచ్చే వారం ఇస్తామన్నారు.

ఇప్పుడు మావయ్య చేతులు కడుక్కునే దగ్గర కూడా ఒకటి పెడదాం అంటున్నాడు, రెండడుగులది, ఎర్రమట్టి దిబ్బలు కావాలట. అక్కడ మనిషి గోడకి జానెడు దూరంలో ఉంటాడు, సైజు మూడో వంతైనా కన్ను అంతకన్నా దగ్గరికొస్తోంది, 0.008 కూడా సరిపోదేమో చూడాలి.